వానలో పారిస్, మా హాల్లో 43 అంగుళాల టీవీ

మా నాన్న ఆ టీవీ కొన్నది నా మాట మీదే. ఇదే సైట్‌లో ఆ మోడల్‌కి రివ్యూ రాసి, హెచ్‌డీఆర్ విభాగంలో పదికి ఎనిమిది మార్కులు వేశా. నాన్న ఆ రివ్యూ ప్రింట్ తీయించుకుని మరీ షాపుకి వెళ్లారు. మోడల్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ధరలో దొరికే 43 అంగుళాల ప్యానెల్స్ దాదాపు అన్నీ ఇంతే కాబట్టి ఒక్కదాన్నే వేలెత్తి చూపడం అన్యాయం.

2024 జులై 26, శుక్రవారం. హైదరాబాద్ నుంచి తణుకు వెళ్లా. మన టైమ్ ప్రకారం రాత్రి 11 గంటలకు పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం. నాన్నకి డాన్సులూ పాటలూ అక్కర్లేదు. మన జెండా పట్టుకునే ఇద్దర్నీ చూడాలి, అంతే. ఒకరు పీవీ సింధు, ఇంకొకరు శరత్ కమల్. "ఇద్దరూ మనవాళ్లేరా" అన్నారు. శరత్ కమల్ ఆడేది తమిళనాడు తరఫున కదా అంటే, "ఇంటిపేరు ఆచంట. ఇంకేం కావాలి?" అని నోరు మూయించారు. ఆచంట మా ఊరి నుంచి బస్సెక్కితే వచ్చే ఊరు. ఆయన లెక్క ఆయనది.

ఈసారి వేడుక స్టేడియంలో కాదు. వేసవి ఒలింపిక్స్ చరిత్రలో మొదటిసారి ప్రారంభోత్సవాన్ని బయటికి, సెన్ నది మీదికి తెచ్చారు. ఆస్టర్‌లిట్జ్ వంతెన నుంచి ఈఫిల్ టవర్ ఎదురుగా ఉన్న ట్రొకాడెరో వైపు 6 కిలోమీటర్ల దారి. 85 పడవలు, వాటి మీద దాదాపు 6,800 మంది క్రీడాకారులు. గట్టు మీద నిలబడ్డవాళ్లకి కనిపించేది వాళ్ల ముందున్న ముక్క మాత్రమే. ఇళ్ల కప్పుల మీద ముసుగు మనిషి జ్యోతితో పరిగెత్తడం లాంటి కొన్ని భాగాలైతే ముందే చిత్రీకరించి మధ్యలో కలిపారు. అంటే ఆ వేడుక మొత్తంగా జరిగిన చోటు ఒక్కటే, టీవీ. అది సరిగ్గా కనిపించకపోతే ఇంక చూడ్డానికి వేరే చోటు లేదు.

గ్యాడ్జెట్ల మనిషిగా నాకు ఆసక్తి కలిగించింది వేరే విషయం. ఆ పడవల మీద 200కు పైగా గెలాక్సీ ఎస్24 అల్ట్రా ఫోన్లు బిగించారు. నది పొడవునా ఆరెంజ్ సంస్థ ఏర్పాటు చేసిన ప్రైవేట్ 5జీ నెట్‌వర్క్ మీదుగా వాటి వీడియో ప్రసార బృందానికి చేరింది. సామ్‌సంగ్ ఒలింపిక్స్ స్పాన్సర్ కాబట్టి ఇందులో ప్రచారం పాలు ఎంతో మీకే తెలుసు. అయినా పని మటుకు సరైనదే. ప్రతి పడవలోకీ కెమెరామెన్‌నీ, పెద్ద కెమెరానీ, ట్రాన్స్‌మిటర్‌నీ ఎక్కించలేరు. ఫోన్ అయితే రెయిలింగ్‌కి బిగించేస్తే సరిపోతుంది. రెయిన్‌కోట్ కప్పుకుని చేతులూపే ఆటగాళ్ల మొహాలు అంత దగ్గరగా ఇంకెలా దొరుకుతాయి?

ఆ రాత్రి నేను ఊహించనిది వాన. పారిస్‌లో మొదలైంది, ఆగలేదు.

టీవీలో యాప్ పెట్టా. సెన్ నదిని పైనుంచి చూపించిన మొదటి వైడ్ షాట్‌లోనే నీళ్లు గళ్లు గళ్లుగా విరిగిపోయాయి. వంతెన మీద జనం బురద ముద్దలా ఉన్నారు. "వైఫై స్లో ఏమో" అన్నా, నా పరువు కాపాడుకోవడానికి. స్పీడ్ టెస్ట్ పెడితే 38 ఎంబీపీఎస్ వచ్చింది.

జరిగింది ఏంటంటే, వీడియోని కుదించే ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమ్‌నీ మొదటి నుంచీ పంపదు. ముందు ఫ్రేమ్‌లో ఉన్నదాన్ని గుర్తుపెట్టుకుని, మారింది మాత్రమే పంపుతుంది. వార్తలు చదివే యాంకర్ వెనక గోడ కదలదు కాబట్టి బిట్లు ఆదా. క్రికెట్‌లో కూడా పచ్చటి గ్రౌండ్ చాలాసేపు పచ్చగానే ఉంటుంది. వాన అలా కాదు. ఒక ఫ్రేమ్‌లో ఉన్న చినుకు తర్వాతి ఫ్రేమ్‌లో ఆ చోట ఉండదు. కింద నది అలలు, పైన ఊగే జెండాలు, మధ్యలో రంగుల పొగ, అన్నిటి మీదా వాన. స్క్రీన్‌లో ప్రతి అంగుళం ప్రతి క్షణం మారుతూనే ఉంటుంది. మామూలుగా 1080పీ లైవ్ స్ట్రీమ్‌కి 5 నుంచి 8 ఎంబీపీఎస్ ఇస్తారు. ఆ కోటాలో ఇదంతా ఇరికించాలంటే ఎన్‌కోడర్ ఏదో ఒకటి చెరిపేయాలి. అది వివరాల్నే చెరిపేస్తుంది. మన ఇంటికి 38 వస్తుందా, 380 వస్తుందా అన్నది దానికి సంబంధం లేదు.

మిగిలినది టీవీ పూర్తి చేసింది. ఒలింపిక్స్ అసలు ఫీడ్‌ని తయారుచేసే ఓబీఎస్ దాన్ని యూహెచ్‌డీ, హెచ్‌డీఆర్‌లోనే ఇస్తుంది. కానీ మా టీవీ గరిష్ఠ వెలుగు 300 నిట్ల లోపే. రాత్రి ఆకాశం నల్లగా కాకుండా బూడిద రంగులో, దీపాలు తెల్ల మచ్చల్లా. పైగా షాపువాడు ఆన్ చేసి పంపిన మోషన్ స్మూతింగ్ వల్ల చినుకులకి తోకలు మొలిచాయి. (మీ టీవీలో కూడా ఉంటే మెనూలోకి వెళ్లి ఇప్పుడే ఆపేయండి. నాయిస్ రిడక్షన్ కూడా.)

మరి ఎనిమిది మార్కులు ఎలా వేశానంటారా? యూఎస్‌బీలో డెమో క్లిప్స్ పెట్టి టెస్ట్ చేశా. ఎండలో మెరిసే పూలు, మెల్లగా తిరిగే కెమెరా, బోలెడు బిట్‌రేట్. అలాంటి క్లిప్‌లో ఏ టీవీ అయినా బాగానే కనిపిస్తుంది. జనం ఇంట్లో చూసేది పూలు కాదు, లైవ్. ఆ టెస్ట్ నేను చేయనే లేదు.

అర్ధరాత్రి దాటాక ఏలూరు నుంచి పెదనాన్న ఫోన్. "సింధుని చూశావా? చీరలో ఎంత బాగుందో!" వాళ్లది డిష్. మా టీవీలో ఇంకా వేరే దేశం పడవే వెళ్తోంది. యాప్ లైవ్ కంటే అర నిమిషం పైనే వెనకుంది. నాన్న నా వైపు చూసిన చూపుని వర్ణించను.

చివరికి మన పడవ వచ్చింది. వైడ్ షాట్‌లో తెల్ల చీరలు, త్రివర్ణం కలిసిపోయి గళ్లు గళ్లుగా అయ్యాయి. "ఏదిరా? సింధు ఏది?" అని నాన్న కుర్చీలో ముందుకి జరిగారు. అప్పుడొక దగ్గరి షాట్. మొహం స్పష్టంగా, నవ్వుతూ, చేతిలో జెండా. కొన్ని సెకన్లు. వెంటనే కట్. 200కు పైగా జట్లు 85 పడవల్లో సర్దుకున్నప్పుడు ఎవరి వాటా అంతే.

ఆ రాత్రంతా గమనించా, మా టీవీలో నిలబడ్డవి ఆ దగ్గరి షాట్లే. క్రేన్ల మీద, హెలికాప్టర్లలో ఉన్న ఖరీదైన కెమెరాల వైడ్ షాట్లు అన్నీ వానలో కరిగిపోయాయి. మొహం మాత్రం ఫ్రేమ్‌లో సగం ఉంటుంది, పెద్దగా కదలదు, ఎన్‌కోడర్ దాన్ని వదిలేయదు. పడవ రెయిలింగ్‌కి బిగించిన ఫోన్ తీసేదీ అదే. సెన్సార్ చిన్నదైనా మా ఇంటి దాకా తేడా తెలియలేదు. ఫోన్ కెమెరా స్పెక్స్ గురించి ఇన్నాళ్లూ రాసిన పేజీలు గుర్తొచ్చి కాస్త నవ్వొచ్చింది.

సెట్‌టాప్ బాక్స్‌కి మారాం. హెచ్‌డీ చానెల్, 4కే కాదు, హెచ్‌డీఆర్ కాదు. గళ్లు సగానికి సగం తగ్గాయి. "ఇది ముందే పెట్టొచ్చుగా" అన్నారు నాన్న. నా దగ్గర సమాధానం లేదు. ఆయన 1992 బార్సిలోనా ప్రారంభోత్సవాన్ని పక్కింటి చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీలో చూశారట. విలుకాడు వేసిన బాణం సూటిగా వెళ్లి గుండంలో పడిందని ఇప్పటికీ చెబుతారు. నిజానికి అది గుండం మీదుగా దాటి స్టేడియం బయట పడింది, కెమెరా కోణం వల్ల అలా అనిపించింది. ఆ మాట ఆ రాత్రి చెప్పలేదు. అప్పటికే ఒక టీవీ పరువు పోయింది.

మూడు కావస్తుండగా టెడ్డీ రినేర్, మేరీ జోస్ పెరెక్ కలిసి జ్యోతి వెలిగించారు. బెలూన్ కింద 7 మీటర్ల వెడల్పున్న వలయం. అందులో నిప్పు లేదు. 40 ఎల్‌ఈడీ లైట్లు, 200 నాజిల్స్ చిమ్మే నీటి తుంపర, అంతే. మా టీవీలో అదొక పసుపు మచ్చ. నా ఫోన్‌లో తెరిచా, ఓఎల్‌ఈడీ స్క్రీన్. తుంపర పొరలు పొరలుగా పైకి లేవడం కనిపించింది. నాన్నకి చూపించా. కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని కాసేపు చూశారు.

"దీంట్లో వెనక్కి వెళ్తుందా?"

"వెళ్తుంది నాన్నా."

"అయితే సింధు దగ్గరికి తిప్పు."

తిప్పా. నాలుగుసార్లు చూశారు.

రివ్యూలో హెచ్‌డీఆర్ మార్కులు ఎనిమిది నుంచి ఐదుకి దించాం. టీవీ టెస్టుల్లో ఇప్పుడు ఒక వాన క్లిప్ కూడా ఉంటోంది, మా మేడ మీద నుంచి రాత్రిపూట నేనే తీసింది.