తీరిక వేళ పని కాదు

పెళ్లికో పురుటికో చేత్తో అల్లిన లేసు ఇస్తే "ఖాళీగా ఉన్నప్పుడు అల్లిందిలే" అనేస్తాం. ఆ మాట తప్పు. ఆ లేసు అల్లే క్రోషే పనిలో ఉండేది ఒక్క కొక్కెం సూది, ఒక్క దారం. దారాన్ని సూదికి చుట్టి, ముందున్న కన్నులోంచి లాగితే ఇంకో కన్ను. మధ్యలో ఒకటి తప్పితే అక్కడిదాకా విప్పుకోవాల్సిందే. ఈ అల్లికను పెద్దఎత్తున చేసే మర ఇప్పటికీ రాలేదు. మర లేసు వేరు. ఖాళీ సమయం అనే మాటకు ఎవరు మూల్యం చెల్లిస్తారో లేసుకు పేరున్న నరసాపురం చెబుతుంది. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికొచ్చిన ఈ పని ఎగుమతి పరిశ్రమగా ఎదిగింది. అయినా అల్లేవాళ్లను గృహిణులుగా, వాళ్ల శ్రమను కాలక్షేపంగా చూడడంవల్లే కూలి అంత తక్కువని సామాజికవేత్త మరియా మీస్ 1982 నాటి పుస్తకంలో వాదించారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పేరును కాపాడుతుంది, కూలిని కాదు.

లేసు సరే, శ్రీకాకుళం, విజయనగరం ఉక్కపోతలో అల్లిన దుప్పటి ఎవరు కప్పుకుంటారని అడగొచ్చు. ఉన్నిదైతే నిజమే, పెట్టెలోనే ఉంటుంది. నూలు దారంతో అల్లితే గాలాడుతుంది, ఉతికినా తట్టుకుంటుంది. పసిబిడ్డకైతే వేళ్లు చిక్కుకోకుండా కళ్లు దగ్గరగా అల్లాలి. దుకాణంలో ఇంతకన్నా చవగ్గా దొరుకుతుందన్నదీ నిజమే. కానీ వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరిచి పొందూరు ఖద్దరు నేసే గడ్డమీద, చవకే కొలత అనడం నాకు మింగుడుపడదు. ఈసారి అల్లిన కానుక అందితే, ఎన్ని రోజులు పట్టిందో అడగండి. కొనేటప్పుడు మాత్రం బేరమాడకండి.