సిగ్నల్‌ను మింగేది ఏ మంచు?

డిసెంబర్ మొదటి వారం దాటిందంటే చాలు, పొద్దున ఆరున్నర నుంచే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "తమ్మీ, బొమ్మ ముక్కలు ముక్కలైతాంది", "అన్నా, నో సిగ్నల్ అని వస్తాంది, రీచార్జ్ మొన్ననే చేసిన గదా". కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు: "రాత్రి మంచు బాగ కురిసింది, గందుకే." కంపెనీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసినా అదే జవాబు. మంచు వల్లనండీ, కాసేపు ఆగండి అంటారు.

రామకృష్ణాపూర్‌లో, చుట్టుపక్కల మందమర్రి, మంచిర్యాల దాకా పదిహేనేళ్లుగా డిష్‌లు బిగించడం, బాగు చేయడం నా పని. చలికాలంలో సిగ్నల్ పోవడం నిజమే. కానీ ఆ "మంచు" అనే మాట దగ్గరే తిరకాసంతా ఉంది. తెలుగులో మనం మూడింటిని ఒకే పేరుతో పిలుస్తాం. దారి కనిపించకుండా కమ్ముకునే పొగమంచూ మంచే. గడ్డి మీద ముత్యాల్లా నిలిచేదీ మంచే. కశ్మీర్‌లో కురిసేదీ మంచే. ఈ మూడూ డిష్ విషయంలో మూడు రకాలుగా పనిచేస్తాయి. ఏ మంచో తెలియకపోతే, పాడుకాని బాక్స్ మార్చి డబ్బులు పోగొట్టుకుంటాం.

కురిసే మంచు సంగతి మనకు అక్కర్లేదు. అమెరికాలో, కెనడాలో డిష్ పెట్టుకుని తెలుగు చానళ్లు చూసిన మనవాళ్లకు తెలుసు ఆ బాధ. తడిమంచు డిష్‌లో పేరుకుంటే బొమ్మ పోతుంది, పొడవాటి చీపురు పట్టుకుని బయటికి పోవాల్సిందే. కొందరు మంచు అతుక్కోకుండా వంటనూనె కూడా పూస్తారట. మన దగ్గర ఆ పని చేస్తే బొగ్గు దుమ్మంతా వచ్చి ఆ నూనెకే అంటుకుంటుంది. దయచేసి చేయకండి.

ఇక పొగమంచు. అందరూ దీన్నే తిడతారు గానీ, పాపం దీని తప్పు చాలా తక్కువ. డీటీహెచ్ సిగ్నల్ సుమారు 12 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. అంటే ఒక్కో అల పొడవు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. పొగమంచులోని నీటి కణం మిల్లీమీటరులో వందో వంతు లెక్కన ఉంటుంది. అంత పెద్ద అలకు అంత చిన్న కణం అడ్డమే కాదు. పైగా సిగ్నల్ మనకు పక్క నుంచి రాదు, దాదాపు నెత్తి మీది నుంచి దిగుతుంది. సుమారు 36 వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చే సిగ్నల్‌కు పొగమంచు తగిలేది ఆఖరి వంద, రెండు వందల మీటర్లలోనే. ఎదురింటి గేటు కనిపించనంత పొగమంచులో కూడా మంచిగా బిగించిన డిష్ బొమ్మ చూపిస్తూనే ఉంటుంది. వాన లెక్క వేరు. వానచుక్క మిల్లీమీటర్లలో ఉంటుంది, అలను తింటుంది, చెదరగొడుతుంది. అందుకే 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను లాంటిది వచ్చినప్పుడు గట్టి వాన పడ్డ చోట్ల సిగ్నల్ పోతే అది రోగం కాదు. వాన తగ్గేదాకా ఆగడమే మందు.

మిగిలింది మూడోది, రాత్రంతా చప్పుడు లేకుండా డిష్ మీద పేరుకునే తేమ. మా దగ్గర అసలు కథ ఇదే.

తేటగా ఉన్న చలి రాత్రి, ఆకాశం వైపు తెరుచుకుని ఉన్న రేకు తన వేడిని పైకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. గాలిలో తేమ వచ్చి దాని మీద నీళ్లయి నిలుస్తుంది. పొద్దున బండి సీటు తడిసి ఉండేది ఇందుకే. మన డిష్ ఈ తడికి మరీ అనువుగా ఉంటుంది. లండన్‌లో ఇళ్ల గోడలకు డిష్‌లు దాదాపు నిటారుగా నిలబడి ఉంటాయి, ఎందుకంటే అక్కడ ఉపగ్రహం ఆకాశంలో కిందికి కనిపిస్తుంది. మనం భూమధ్యరేఖకు దగ్గర. టాటా ప్లే ఉపగ్రహాలున్న 83 డిగ్రీల తూర్పు స్థానం ఆర్కేపీ నుంచి చూస్తే దాదాపు 67 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15, 93.5 డిగ్రీల దగ్గర, సుమారు 62 డిగ్రీల ఎత్తులో. అంత పైకి చూడాలంటే డిష్ అన్నం పళ్లెంలా బాగా వెనక్కి వాలాలి. వాలిన పళ్లెంలో ఏది పడ్డా ఉంటుంది.

మా ఊళ్లో ఏం పడుతుందో వేరే చెప్పాలా? ఆరేసిన తెల్ల అంగీ సాయంత్రానికి ఏ రంగులోకి వస్తుందో బొగ్గుబాయిల ఊళ్లలో బట్టలు ఉతికే ప్రతి ఆడబిడ్డకూ తెలుసు. ఓపెన్‌కాస్ట్ దుమ్ము, లారీలు పోయే రోడ్డు దుమ్ము, అన్నీ ఆ పళ్లెంలోకే. పొడి దుమ్ము పలచగా ఉంటే సిగ్నల్‌కు పెద్ద నష్టం లేదు. కానీ రాత్రి తేమతో కలిసి అది తడి పూతవుతుంది, నీటిని పట్టి ఉంచుతుంది. తుడిచిన డిష్ ఎండ తగలగానే ఆరిపోతే, దుమ్ము పట్టింది ఇంకో గంట తడిగానే ఉంటుంది. డిష్ కంటే ముఖ్యం దాని ముందు చేతికి ఉండే ఎల్‌ఎన్‌బీ. దాని మూతి మీద ఉన్న చిన్న ప్లాస్టిక్ మూత మీద నీటి పొర నిలిస్తే సిగ్నల్ గొంతు దగ్గరే పట్టుకున్నట్టు. మా ఎండాకాలం 45 డిగ్రీల ఎండలో ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి సన్నగా పగులుతుంది. మే నెలలో పగిలిన సంగతి డిసెంబర్‌లో బయటపడుతుంది, తేమ లోపలికి పోయినప్పుడు. ఒకటి రెండుసార్లు అందులో కందిరీగల మట్టి గూడు కూడా తీశాను.

అయితే "మరి మా పక్కింట్ల డిష్ మీద గూడ మంచు పడ్డది, ఆళ్లకు మంచిగనే వస్తాంది గద కాకా?" అని ఒక పిల్లగాడు అడిగాడు. సరైన ప్రశ్న. నెలకు ముప్పై వేలు వచ్చే రెండు ఇళ్లు ఉన్నాయనుకోండి. ఒకరి ఖర్చు ఇరవై వేలు, ఇంకొకరిది ఇరవై తొమ్మిదిన్నర వేలు. ఇద్దరి ఇంటికీ ఒకేరోజు వెయ్యి రూపాయల ఖర్చుతో చుట్టాలొచ్చారు. మొదటి ఇల్లు గమనించను కూడా గమనించదు, రెండో ఇల్లు అప్పు చేస్తుంది. చలికాలపు తేమ ఆ చుట్టం లాంటిది. అది తినేది కొంచెమే. కానీ కోతులు కదిపిన డిష్, తుప్పు పట్టిన పిన్ను, పెరిగిన కొమ్మ అప్పటికే మిగులంతా తినేసి ఉంటాయి. పాత దూరదర్శన్ రోజుల్లో చేపముల్లు యాంటెనా ఉన్నప్పుడు సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ మీద చుక్కలు పెరిగేవి, ముందే తెలిసేది. డిజిటల్‌లో అలా కాదు. వచ్చిన తప్పులను బాక్స్ లోపల్లోపలే సరిచేసుకుంటూ చివరి దాకా అద్దంలాంటి బొమ్మ చూపిస్తుంది. ఇక చేతకాని రోజున ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. అందుకే "నిన్నటిదాక మంచిగుండె" అని అందరూ అంటారు. నిన్న కూడా మంచిగా లేదు, మీకు కనిపించలేదంతే.

ఎవరు ఫోన్ చేసినా ముందు నేను అడిగేది ఒకటే: ఏ టైంలో పోతుంది? రోజూ తెల్లవారుజామున పోయి, ఎండ ఎక్కి ఎనిమిదిన్నర, తొమ్మిదికి దానంతట అదే వస్తే అది తేమ పనే. రోజంతా వస్తూ పోతూ ఉంటే డిష్ కదిలింది. కొన్ని చానళ్లే పోయి మిగతావి వస్తుంటే వైరు, పిన్ను, ఎల్‌ఎన్‌బీ చూడాలి. ఎందుకంటే బాక్స్ ఎల్‌ఎన్‌బీకి కొన్ని చానళ్లకు 13 వోల్టులు, కొన్నింటికి 18 వోల్టులు పంపుతుంది, తుప్పు పట్టిన పిన్ను దగ్గర ఆ లెక్క తప్పుతుంది. వీధిలో అదే కంపెనీ డిష్ ఉన్న అందరికీ ఒకేసారి పోతే మీరు పైకి ఎక్కాల్సిన పనే లేదు.

ఇంకో పరీక్ష ఇంట్లో కూర్చునే చేయొచ్చు. రిమోట్‌లో సెట్టింగ్స్‌లోకి పోతే సిగ్నల్ స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలు కనిపిస్తాయి. మొదటిదాన్ని పెద్దగా పట్టించుకోకండి, క్వాలిటీ చూడండి. ఆకాశం తేటగా ఉన్న రోజు మధ్యాహ్నం రెండింటికి ఆ అంకె కాగితం మీద రాసి బాక్స్ కింద పెట్టండి. బొమ్మ పోయిన పొద్దున మళ్లీ చూడండి. మధ్యాహ్నం అంకె బాగుండి పొద్దున పడిపోతే తేమ. మధ్యాహ్నమే తక్కువగా ఉంటే చలిని తిట్టి లాభం లేదు. ఒక్కో కంపెనీ బాక్స్ ఒక్కో రకంగా అంకె చూపిస్తుంది కాబట్టి పక్కింటివాళ్ల అంకెతో పోల్చకండి, మీ అంకెతో మీదే.

పిన్ను చూడాలంటే ముందు బాక్స్ స్విచ్ తీసేయాలి. తర్వాత వెనకాల ఉన్న వైరు విప్పండి. మధ్యలోని తీగ రాగిలా మెరవాలి. నల్లగానో, పచ్చగానో, తుప్పు రంగులోనో ఉంటే ఒక రెండంగుళాలు కోసి కొత్త పిన్ను వేయించాలి. చవక వైర్లలో లోపల ఇనుప తీగకు పైన రాగి పూతే ఉంటుంది, పూత పోతే మామూలు ఇనుమే. డిష్ దగ్గర పిన్ను మీద మామూలు నల్ల టేపు చుట్టి ఊరుకుంటారు, అది ఒక ఎండాకాలానికే ఊడుతుంది. సాగదీసి చుడితే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు దొరుకుతుంది, అది వాడమనండి. వైరు పిన్నులోకి పోయే ముందు కొంచెం కిందికి వేలాడేలా వంపు ఇస్తే నీటిచుక్క ఆ వంపు దగ్గరే జారి పడిపోతుంది. ఎల్‌ఎన్‌బీకి పాలిథిన్ సంచి తొడిగేవాళ్లు కూడా ఉన్నారు. నా మాట వినండి, తీసేయండి. ఆ సంచి మీదే తేమ నిలుస్తుంది.

కోతుల సంగతి చెప్పకుండా ఆర్కేపీలో డిష్ గురించి రాయడం కుదరదు. చలికాలం పొద్దున ఎండ కాగడానికి అవి డాబాల మీదికి వస్తాయి, డిష్ పట్టుకుని ఊగుతాయి. 60 సెంటీమీటర్ల డిష్ ఒకటిన్నర డిగ్రీ తిరిగితే చాలు, సిగ్నల్ సగమవుతుంది. అంటే డిష్ అంచు చిటికెన వేలి వెడల్పు కూడా జరగనక్కర్లేదు. బ్లాస్టింగ్ అదిరిపాటుకే తిరిగిందని కొందరు అంటారు. గట్టిగా బిగించిన నట్టును బ్లాస్టింగ్ కదపడం నేను చూడలేదు. వదులుగా ఉన్నదాన్ని గాలి కూడా కదుపుతుంది. వానాకాలంలో పెరిగిన వేప కొమ్మ డిష్ ముందుకొచ్చిందేమో కూడా చూడండి, తడి ఆకు మంచి అడ్డం.

ఇప్పటిదాకా చెప్పినవాటి ఖర్చు వందల్లోనే. నాకు భయం వేసేది వేరే విషయం. బాయి పనిలో ముప్పై ఏళ్లు చేసి దెబ్బ తగలకుండా రిటైరైన పెద్దాయన ఒకరు, పొద్దున భక్తి చానల్ రావట్లేదని ఇంటామె అంటే, గుడ్డ పట్టుకుని సిమెంటు రేకుల మీదికి ఎక్కాడు. రేకు మీద కూడా అదే తేమ ఉంటుంది కదా. జారి పడి తుంటి ఎముక విరిగింది. నాలుగు నెలలు మంచం. పిల్లలు హైదరాబాద్‌లో, ఇంట్లో ఇద్దరే ముసలివాళ్లు, మాట్లాడే మూడో గొంతు టీవీ ఒక్కటే. ఎందుకు ఎక్కాడని నేను అనలేను. అప్పటికి నెలలో రెండుసార్లు వేరే మెకానిక్ వచ్చి, విజిటింగ్ ఛార్జి తీసుకుని, ఎల్‌ఎన్‌బీ మార్చి పోయాడట. డిష్ తుడవలేదు, పిన్ను విప్పి చూడలేదు.

అప్పటి నుంచి పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇళ్లకు ఒక సలహా ఇస్తున్నాను: డిష్ కిందికి దించండి. పైన పెడితేనే సిగ్నల్ బాగా వస్తుందనుకోవడం చేపముల్లు యాంటెనా రోజుల అలవాటు. 36 వేల కిలోమీటర్ల లెక్కలో పది అడుగుల ఎత్తు ఎంత? కావాల్సింది ఎత్తు కాదు, తెరిపి. అంత పైనుంచి సిగ్నల్ దిగే మన దగ్గర, డిష్ చూసే దిక్కున పది అడుగుల గోడ ఉన్నా ఐదారు అడుగుల ఎడంగా పెడితే గోడ మీదుగా ఆకాశం కనిపిస్తుంది. 108 డిగ్రీల ఉపగ్రహం నుంచి వచ్చే ఎయిర్‌టెల్‌కు ఇంకాస్త కిందికి చూడాలి కాబట్టి ఎనిమిది తొమ్మిది అడుగులు వదలాలి. వాకిట్లో సిమెంటు దిమ్మ వేసి, నడుం ఎత్తు పైపుకు బిగిస్తే సరి. క్వార్టర్లలో అలా చాలా మార్చాను. ఎత్తు మారితే మళ్లీ మీటర్ పెట్టి సరిచేయాలి, అది మీరు చేసేది కాదు, మెకానిక్‌తోనే చేయించండి. తర్వాత తుడవడం మీ పని. పొద్దున మెత్తటి గుడ్డతో డిష్‌ను, ఎల్‌ఎన్‌బీ మూతను నెమ్మదిగా ఒత్తకుండా తుడిస్తే చాలు. సబ్బు, గిన్నెలు తోమే పీచు వద్దు, రంగు లేస్తుంది. వారానికోసారి మామూలు నీళ్లతో కడగండి. ఆ పెద్దాయన ఇంట్లో ఇప్పుడు వాకిలి ఊడ్చినప్పుడే ఇంటామె డిష్ కూడా తుడుస్తుంది. "ముగ్గేసినట్టే ఇది గూడ ఒక పని" అంటుంది.

చలి వెనక్కి తగ్గి మార్చి రెండో వారం అటూ ఇటూగా ఇంకో విడత ఫోన్లు వస్తాయి. ఎండ బాగా ఉంది, మంచు లేదు, పగటి పూట పది నిమిషాలు బొమ్మ పోతుంది, నాలుగైదు రోజులు వరుసగా. అప్పుడు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆయన వేడి హోరులో ఉపగ్రహం గొంతు వినపడదు. ఉదయం పది నుంచి పన్నెండు మధ్య ఒక్కో కంపెనీకి ఒక్కో టైంలో జరుగుతుంది, మళ్లీ దసరా ముందు వెనకల్లో వస్తుంది. ఆ పది నిమిషాలకు నన్ను పిలవకండి. ఎవరన్నా వచ్చి బాక్స్ మార్చాలంటే డబ్బులివ్వకండి.