మంచునకు పదును – పలకకు పదును

వారాసిగూడలో మంచు కురియదు. పుష్యమాసపు తెల్లవారుజామున విశ్వవిద్యాలయ ప్రాంగణములోని చెట్లపై పొగమంచు క్రమ్మును. ఎప్పుడైనను వేసవి గాలివానలో నాలుగు వడగండ్లు రాలును. ఇంతకు మించి ఆ పేటవారికి మంచుతో పరిచయము లేదు. అయినను ఆ పేటనుండి ఆర్ట్స్ కళాశాల మీదుగా తార్నాకకు వచ్చి, ఉప్పల్ పోవు బాట పట్టినచో, మంచు ఖండముతో చిరకాల సంబంధముగల సంస్థ యొకటి కానవచ్చును. అది 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. 1983–84లో దక్షిణ ధ్రువ ఖండమునకు వెళ్లిన మూడవ భారత యాత్రకు నాయకత్వము వహించి, అచ్చట మన దేశపు తొలి స్థావరమగు దక్షిణ గంగోత్రిని నిర్మింపజేసిన హర్ష్ గుప్తా, 1992 నుండి 2001 వరకు ఈ సంస్థకు సంచాలకులుగా నుండిరి. 1989లో ఏర్పడిన మైత్రి స్థావరమున భూకంపములను నమోదు చేయు వేధశాలను 1997లో నెలకొల్పినది కూడ ఈ సంస్థయే.

ధ్రువయాత్రకు ఎంపికైనవారు బయలుదేరుటకు ముందు గఢ్వాల్ హిమాలయములలోని ఔలీకి పోయి, భారత–టిబెట్ సరిహద్దు పోలీసు దళమువారి పర్వతారోహణ, స్కీ శిక్షణాలయమున కొలది దినములు మంచుతో సావాసము చేయుదురు. తార్నాకనుండి పోయిన శాస్త్రజ్ఞునకు అచ్చట మొట్టమొదట తెలియునది మంచు యొక్క చంచల స్వభావము. ఉదయము ఎక్కిన వాలు సాయంకాలమునకు వేరొక వాలగును. నిన్న కాలికి లొంగిన మంచు నేడు కాలిని పట్టి లాగును. ఈ మార్పులన్నిటిని ఓర్చుకొని మనుష్యుని మోయగల పలక యేది? దానిని ఎట్లు పరీక్షింపవలెను? చలిదేశములలో ఏటేట క్రొత్త స్కీలను పరీక్షించువారి యెదుట నున్న ప్రశ్న ఇదియే. పైకి ఇది ఆటవస్తువు బేరమువలె కనబడును. పరీక్ష యనగా నేమి యను పెద్ద ప్రశ్న ఇందులో ఇమిడియున్నది. ఉపాధ్యాయులకును విద్యార్థులకును అది పరాయి ప్రశ్న కాదు.

స్కీ యనగా మంచుపై జారిపోవుటకై పాదరక్షకు బిగించుకొను పొడవైన సన్నని పలక. ప్రాచీన నార్వే భాషలో చీల్చిన కొయ్య యను అర్థముగల పదమునుండి ఈ మాట పుట్టినది. స్వీడను దేశములో కాల్వ్‌ట్రాస్క్ అను చోట ఊబినేలలో దొరికిన స్కీ 5,000 ఏండ్లకు పైబడినది. వేటకును, రాకపోకలకును పుట్టిన ఈ సాధనము వినోదమునకు పనికివచ్చుట చాల కాలము పిమ్మటి మాట. 1888లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ స్కీలపై గ్రీన్‌లాండును అడ్డముగా దాటెను. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువమును తొలిసారి చేరిన అముండ్సెన్ బృందమునకు కుక్కలు లాగు బండ్లతోపాటు స్కీలును తోడ్పడినవి. మన దేశమున 1948లో సైన్యమువారు గుల్మర్గునందు స్కీ పాఠశాలను ప్రారంభించిరి.

పలక మంచుపై ఏల జారును? 1939లో బౌడెన్, హ్యూజ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రాయోక్ కనుమయందలి మంచుగుహలో దీనిపై ప్రయోగములు చేసిరి. పలకకును మంచునకును కలుగు రాపిడిలో వేడిమి పుట్టి, పలుచని నీటిపొర యేర్పడి, అది కందెనవలె పనిచేయునని వారు చూపిరి. కనుకనే మిక్కిలి చలిలో ఆ పొర చాలక మంచు ఇసుకవలె పట్టుకొనును. 1912లో ధ్రువమునుండి తిరిగివచ్చుచు స్కాట్ బృందము పడిన పాట్లలో ఇదియు నొకటి. మంచు మరీ కరగినచో నీరెక్కువై పలక అడుగును పీల్చిపట్టినట్లగును. జారుబాటు ఈ రెంటికిని నడుమ నున్నది.

మంచు పొందు మార్పులను చూచుటకు హిమాలయములకే పోనక్కరలేదు. వేసవి సాయంకాలమున వీధిలో నిలిచిన ఐస్ గోలా బండి చాలును. బండివాడు ఐసుగడ్డను గీరినపుడు రాలు తురుము దూదివలె తేలికగా నుండును. అరచేతితో అదిమినచో ఆ తురుమే ముద్దకట్టి పుల్లకు అంటుకొనును. కొంతసేపు ఉంచినచో తడిసి బురదవలె జారును. అట్లు కరగినదానిని మరల ఐసుపెట్టెలో నుంచినచో రాయియగును. కొండమీద గాలి, ఎండ, రాత్రి చలి, మనుష్యుల రాకపోకలు ఈ పనులనే ఎడతెగక చేయుచుండును. కొలతలలో చెప్పవలెనన్న, అప్పుడే కురిసిన తేలిక మంచు ఘనమీటరునకు సుమారు 50 నుండి 100 కిలోల వరకు తూగును. గాలి చొరని గడ్డమంచు 917 కిలోలు తూగును. ఒకే కొండపై ఒకే పలక ఇంత భేదముగల నేలమీద నడువవలసియుండును.

స్కీ పరీక్షకులు ముఖ్యముగా ఆరేడు విధముల మంచును గుర్తింతురు. తెలుగున వానికి స్థిరమైన పేరులు లేవు గనుక, గుణమునుబట్టి పేరులు పెట్టుకొనవచ్చును. క్రొత్తగా కురిసి ఇంకను అణగనిది పొడిమంచు. రాత్రి యంత్రముతో చదునుచేసి చారలు తీసినది దువ్విన మంచు. కరగి మరల గడ్డకట్టి మెరయునది గాజుమంచు. గాలికో ఎండకో పైన గట్టిపడి, లోపల మెత్తగా నున్నది పెచ్చుమంచు. పలువురు త్రొక్కి ముద్దలు ముద్దలుగా చేసినది గతుకుమంచు. వసంతమున పగలు కరగుచు రాత్రి గడ్డకట్టుచు, జొన్నలవలె గింజకట్టినది గింజమంచు. అదియు కరగి నీరూరునది బురదమంచు. వీనిలో పెచ్చుమంచు మిక్కిలి మోసకారి. అడుగు వేయువరకు అది మోయునో విరుగునో తెలియదు. విరిగినప్పుడు పలక లోపల చిక్కుకొని, దేహము ముందుకు పోవును. మోకాలికి ప్రమాదము వాటిల్లునది అచ్చటనే.

ఈ వివరములు తెలుగు రైతునకు వింత గొలుపవు. నల్లరేగడి వేరు, చల్క వేరు, దుబ్బనేల వేరు. ఒక వాన పడిన మరునాడే చల్కలో నాగలి దిగును. రేగడిలో అంత తొందరపడినచో మన్ను నాగలికి అంటుకొని ఎడ్లు నిలిచిపోవును. మరీ ఆలస్యము చేసినచో అదియే రేగడి పెళ్లలు కట్టి కర్రుకు లొంగదు. దున్నుటకు అనువైన ఆ తేమను రైతు పదును అనును. కర్రు అంచు వాడిగా నుండుటయు పదునే. ఈ రెండును కుదిరిననాడు సేద్యము సాగును. ఏ ఒక్కటి తప్పినను తప్పు నాగలిదో నేలదో చెప్పుట కష్టము. స్కీకి కూడ ఉక్కు అంచులుండును. వాని వాడి ఒక పదును, మంచు ఉన్న స్థితి మరియొక పదును. పరీక్షకుడు ఈ రెంటిని వేరుచేసి చూడగలవాడు కావలెను.

ఒక్కొక్క మంచునకు తగిన స్కీ ప్రత్యేకముగా కలదు. స్కీ వెడల్పును ముక్కు, నడుము, తోక అని మూడు చోట్ల కొలిచి మూడంకెలలో చెప్పుదురు. నడుము సుమారు 80 మిల్లీమీటర్లకు లోపున్న పలక దువ్విన వాలుపైనను, గాజుమంచుపైనను త్వరగా అంచుమీదికి ఒరిగి గట్టిగా పట్టును. 105 మిల్లీమీటర్లకు పైబడిన పలక పొడిమంచులో మునుగక తేలును. నడిమి వెడల్పు గలవానిని ఆల్ మౌంటెన్ స్కీలందురు, అనగా కొండ యంతటికిని చెల్లునవి. ఏడాదికి నాలుగు జతలు కొనలేనివారికి, ఒకే దినమున నాలుగు మంచులను దాటవలసినవారికి ఇవి ఉద్దేశింపబడినవి.

ఇట్టి పలకలో ప్రతి గుణమును మరియొక గుణమును కొంత ఇచ్చి కొనవలసినదే. నేలపై పెట్టినపుడు పలక నడుమ చిన్న వంతెనవలె లేచియున్నచో, మనిషి బరువునకు అది చదునై అంచు పొడవునను మంచును కరచును. ముక్కు దోనెముక్కువలె ముందునుండియే పైకి లేచియున్నచో పొడిమంచులో తేలును గాని, గట్టి మంచుపై నేలకు తగులు అంచు తగ్గిపోవును. కొయ్య గర్భమునకు అల్యూమినియం మిశ్రలోహపు రేకులు పొదిగినచో వేగమున నిబ్బరము కలుగును గాని, బరువు పెరిగి త్రిప్పుటకు బలము కావలసివచ్చును. అందరికిని అన్ని మంచులయందును సమానముగా మేలైన పలకను ఎవరును చేయలేరు. ఏ గుణమును ఎంత వదలుకొని దేనిని నిలుపుకొన్నారు అనునదే పనివాని నేర్పు. దానిని బయటపెట్టుటయే పరీక్ష.

ఆ పరీక్ష పగటి గమనమును అనుసరించి సాగును. ప్రొద్దుననే, రాత్రి చలికి బిగిసిన గాజుమంచుపై అంచు పట్టును చూతురు. వంపు తిరుగునపుడు పలక కత్తితో గీత గీసినట్లు పోవుచున్నదా, పట్టు తప్పి ప్రక్కకు ఈడ్చుచున్నదా? తరువాత దువ్విన వాలుపై వేగము హెచ్చించి ముక్కు అల్లలాడుటను గమనింతురు. చెట్ల నీడలో నిలిచిన పొడిమంచులో తేలుబాటును, ఇరుకు తావులలో మలుపునకు లొంగుటను చూతురు. మధ్యాహ్నమునకు త్రొక్కుడు పడిన గతుకుమంచులో, ఎదురైన ప్రతి ముద్దను పలక కోసికొనిపోవునా, దానికి తగిలి కాలిని విసరునా అని తెలిసికొందురు. ఎండ హెచ్చిన పిమ్మట బురదమంచులో అడుగుభాగము పీల్చిపట్టుటను పరిశీలింతురు. ఉదయము ఎక్కినవాని కాలు సాయంకాలమునకు అలసియుండును. అలసిన కాలికి పలక ఎంత ఓర్పు చూపునదియు పరీక్షలో భాగమే.

ఇందులో మోసపోవుటకు దారులు పెక్కు. ఒక పలకను ఉదయపు గాజుమంచుపైనను, మరియొకదానిని పదకొండు గంటల మెత్తని మంచుపైనను ఎక్కి చూచి, రెండవది మేలనుట న్యాయము కాదు. అది సూర్యునకు వేసిన మార్కు. అంచు సరిగా సానపట్టనిచో, అడుగున మైనము సరిగా పూయనిచో మంచి పలకయు చెడ్డదిగా తోచును. అందుచే నిజాయతీగల పరీక్షకులు అంచులను ముందుగా సరిచూతురు. తమ పాదరక్షలను మార్చరు. ఒకే వాలున వెంటవెంట పలకలను మార్చి ఎక్కుదురు. మరునాడు ఆ వరుసను తలక్రిందులు చేయుదురు. తేలికవారును బరువైనవారును, నేర్పరులును మధ్యరకమువారును వేర్వేరుగా ఎక్కి, ఒకరితో నొకరు ముచ్చటించుటకు ముందే తమ అభిప్రాయమును వ్రాసికొందురు. తయారుచేసినవారి పేరు కనబడకుండ పైభాగమును కప్పి పరీక్షించుటయు కలదు. జవాబుపత్రముపై పేరునకు మారుగా సంఖ్య నుంచుటలోని ఉద్దేశమే ఇదియును.

ఇంత శ్రమపడిన పిమ్మట ఫలితమును ఒక్క అంకెలో చెప్పినచో శ్రమ వ్యర్థమగును. రెండు పలకలకు నూటికి డెబ్బది చొప్పున వచ్చినవనుకొందము. ఒకటి అన్ని మంచులయందును డెబ్బది తెచ్చుకొన్నది కావచ్చును. రెండవది పొడిమంచులో తొంబది తెచ్చుకొని, గాజుమంచులో తప్పినది కావచ్చును. మొత్తము చూచి కొన్నవాడు ఒకనాటి ఉదయమున గట్టి వాలుపై ఆ భేదమును తన యెముకలతో తెలిసికొనును. మేలైన పరీక్షకుడు “ఈ పలక గాజుమంచుపై జంకును, గతుకులలో నిబ్బరముగా పోవును, తేలికైనవారి మాట వినదు” అని వ్రాయును. ఆ మూడు మాటలలో కొనువానికి కావలసిన తెలివి యంతయు కలదు. ప్రగతిపత్రముపై మొత్తము మార్కులను మాత్రమే చూచు తలిదండ్రులకును, వానిని మాత్రమే చూపు పాఠశాలలకును ఇది ఆలోచింపదగిన విషయము.

అట్టి మాటలు వ్రాయుటకు ముందుగా మంచులకు పేరులుండవలెను. మన భాషలో మంచునకు మాటలు లేకపోలేదు. నీహారము, తుషారము, తుహినము, ప్రాలేయము మున్నగునవి అమరకోశముననే కలవు. కాని కవులు ఛందస్సునకు కుదిరినదానిని గ్రహించిరే తప్ప, ఇది కాలికి లొంగును, ఇది విరుగును అని వేరుచేయలేదు. మంచుపై నడువని జాతికి ఆ అవసరము కలుగలేదు. వానతో బ్రదికిన జాతి గనుక తుంపర, జల్లు, ముసురు, జడివాన అని భేదములు చేసికొన్నది. అవసరమే పేరు పెట్టును.

ఆ అవసరము ఇప్పుడు మన వాకిటికి వచ్చినది. 2006లో 172 దినములలో ఏడు ఖండముల మహాశిఖరములను ఎక్కిన నెల్లూరు జిల్లా వాడు మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్ పర్వతములపై ప్రాణము విడిచెను. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులుగా నుండి 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును చేరిరి. వారు తొలిపాఠములు నేర్చినది మంచు సోకని భువనగిరి రాతికొండపై. వీరు స్కీలపై జారినవారు కారు, ఇనుపముండ్లు కట్టుకొని ఎక్కినవారు. అయినను కాలు మోపుటకు ముందు మంచు పదును తెలిసికొనుట వారికిని తప్పినది కాదు. మైత్రి స్థావరమునకు పోవువారికిని, సరిహద్దు కొండలపై కావలికాయు తెలుగు సైనికులకును తప్పదు. వారి అనుభవమును వారిచేత తెలుగున చెప్పించి, ఏ మంచును ఏ మాటతో పిలిచిరో వ్రాసియుంచుకొనవలెను. రేగడి పదును చూచి నాగలి కట్టుట తాత మనుమనికి నోటిమాటగా నేర్పెను. పెచ్చుమంచును చూచి అడుగు వెనుకకు తీయుట కూడ అట్లే నోటిమాటగా నేర్పదగినది. అందుకు మాట మన నోట నుండవలెను.