పెరట్లో పోతు ద్రాక్ష

మేము ఒహాయోలో ఇల్లు కొనుక్కున్నది 2018లో. పెరటికీ అడవికీ మధ్య పాత కంచె మీద ఒక ద్రాక్ష తీగ దట్టంగా అల్లుకుని ఉండేది. ఆ వేసవిలో వచ్చిన మా నాన్నగారు పెట్టెలు విప్పకముందే వెళ్ళి దాని ముందు నిలబడ్డారు. హైదరాబాదు శివార్లలో ఇరవై ఏళ్ళు అనాబ్-ఎ-షాహి తోట పెంచిన మనిషి.

"ద్రాక్షేరా, సందేహం లేదు. మరి గుత్తి ఒక్కటీ లేదేం?" అన్నారు.

ఆయన చెప్పినట్టే అక్టోబరులో కత్తిరించాం. అక్కడ అక్టోబరులో కత్తిరిస్తే శివరాత్రి ప్రాంతంలో కాయ కోతకొస్తుంది. ఇక్కడ కత్తిరించాక వచ్చింది మంచు! తీగ నిద్రలో ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కత్తిరించాలని తర్వాత తెలుసుకున్నాను. అలా చేసినా 2019లోనూ కాయ లేదు, 2020లోనూ లేదు.

2020 సెప్టెంబరులో ఎనిమిదేళ్ళ మా అమ్మాయి "నాన్నా, కాసింది!" అంటూ నల్లటి గుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఒక పండు అప్పటికే కొరికి, చేదుగా ఉందని ఉమ్మేసిందట. పండు చిదిమి చూశాను. ద్రాక్షలో ఉండే రెండు మూడు గుండ్రటి గింజలు లేవు. నెలవంకలా వంగిన గింజ ఒక్కటే ఉంది. అది మూన్‌సీడ్, విషపు తీగ. పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చేశాను. పిల్లకేమీ కాలేదు గానీ, మెడికల్ డిగ్రీ పెట్టుకుని కూడా ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

మర్నాడు పగలు కంచె దగ్గర నిలబడి చూస్తే రెండు తీగలు కలిసిపోయి ఉన్నాయి. ద్రాక్షకు నులితీగలుంటాయి, ఆకు అంచు రంపంలా ఉంటుంది, ముదురు తీగ బెరడు నిలువు పీచులుగా ఊడుతుంది. మూన్‌సీడ్‌కు నులితీగలుండవు, ఆకు అంచు నున్నగా ఉంటుంది, కాడ ఆకు అంచున కాక కాస్త లోపలికి అతుక్కుని ఉంటుంది. ఇక్కడ కనిపించే మరో మోసగాడు పోర్సలిన్ బెర్రీ. దానికి నులితీగలున్నా బెరడు పీచుగా ఊడదు. కొమ్మ చీల్చి చూస్తే లోపలి దవ్వ తెల్లగా ఉంటుంది. ద్రాక్షకైతే గోధుమరంగు. ఏది ఏమైనా గింజ చూడకుండా ఏ పండూ నోట్లో పెట్టుకోవద్దని మా ఇంట్లో రూలు పెట్టాం.

మరి అసలు ద్రాక్ష ఎందుకు కాయలేదు? 2021 జూన్‌లో అది పూసింది. పూత సువాసన డెక్ దాకా వచ్చింది. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి పువ్వులోనూ పొడుగాటి కేసరాలు అయిదు. మధ్యలో కాయ కావలసిన బొడిపె లేదు. మాది రివర్‌బ్యాంక్ గ్రేప్. ఈ అడవి జాతిలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. తోట ద్రాక్షకు సాధారణంగా ఒకే పువ్వులో రెండూ ఉంటాయి. అందుకే నాన్నగారికి ఇరవై ఏళ్ళలో ఈ సమస్య ఎదురు కాలేదు.

అన్ని గొడ్డు తీగలూ మగవే అనుకోకండి. నీడలో ఉన్నవీ, గింజ నుంచి మొలిచి ఇంకా వయసు రానివీ కాయవు. కిరుటేడు పెరిగిన కొమ్మల నుంచి వచ్చే కొత్త చిగుళ్ళ మీదే కాయ వస్తుంది కాబట్టి, ఆ కొమ్మలన్నీ నరికేస్తే కూడా ఆ ఏడు పంట పోయినట్టే. ఆడ తీగకైతే దగ్గర్లో మగ తీగ పుప్పొడి అందాలి. కానీ మగ తీగకు ఎన్ని ఎరువులు వేసినా లాభం లేదు.

ఆ వీకెండే నాన్నగారికి వీడియోలో పువ్వు చూపించాను. పకపకా నవ్వారు.

"పోతుతాటి కింద నిలబడి ముంజలేవీ అన్నట్టుందిరా మన పని! నరకబోకు. దాని జత ఎక్కడో ఉండే ఉంటుంది, వెతుకు."

మూన్‌సీడ్‌ను వేళ్ళతో సహా తవ్వేశాను. మగ తీగను ఉంచాను. ఆ సెప్టెంబరులో మా ఇంటి వెనక వాగు ఒడ్డున ఆడ తీగ దొరికింది, బఠాణీ గింజంత నల్లటి పళ్ళతో. మా అమ్మాయే చిదిమి, గింజలు లెక్కపెట్టి "మూడు!" అంది. పళ్ళు చింతపండును మించిన పులుపు. మా ఆవిడ పచ్చడి చేసింది, బెల్లం మాత్రం రెట్టింపు పట్టింది.