షహాదత్ : ఒక పదము, రెండు అర్థములు

మన కళాశాలలో ఉర్దూ విద్యార్థులకును తెలుగు విద్యార్థులకును ఉమ్మడిగా తెలిసిన పదములలో ‘షహీద్’ ఒకటి. తెలుగులో అమరవీరుడని వ్యవహరించుచున్నాము. అరబ్బీలో దీని ధాతువునకు చూచుట, హాజరై యుండుట, సాక్ష్యమిచ్చుట అని అర్థములు. దేవుడొక్కడే యని పలుకు కలిమా ‘షహాదా’. న్యాయస్థానమున బోనెక్కి చెప్పు సాక్ష్యమును ‘షహాదతే’. విశ్వాసమును ప్రకటించుటకును, భూమి తగవులో నిజము చెప్పుటకును ఒకే మాట యుండుట మనలను కొంత ఇరుకున పెట్టునట్టి విషయము.

ఖుర్ఆన్ నాలుగవ అధ్యాయములోని 135వ వాక్యము ఈ సాక్ష్యమును గూర్చినదే. అది మనకే వ్యతిరేకమైనను, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనను న్యాయము తప్పరాదనియు, ఎదుటివాడు ధనికుడా పేదవాడా యని చూడరాదనియు దాని తాత్పర్యము. చదువుటకు సులభమే. పల్లెలో రక్తబంధువునకు వ్యతిరేకముగా నోరు విప్పుట ఎట్టిదో మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు. పెండ్లికి పిలువరు, బావి దగ్గర పలుకరింపరు. పేదవానిపై జాలితో అబద్ధమాడుటను కూడ ఈ వాక్యము ఒప్పుకొనదు. తరగతిలో వాదము ముదురునది ఇక్కడనే.

పుస్తకములు ప్రక్కన పెట్టి మన ప్రాంతమునే చూతము. జనగామ జిల్లా దేవరుప్పుల మండలములో కామారెడ్డిగూడెము కలదు. షేక్ బందగీ ఆ యూరి సామాన్య రైతు. దాయాదుల భూమి తగవులో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి తల దూర్చెను. వెట్టిచాకిరి సాగుచున్న ఆ దినములలో దొర మాటయే తీర్పు. బందగీ ఆ మాటను కాదని కోర్టుకెక్కెను, వెనుదీయలేదు. దొర మనుషుల చేతిలో హతుడయ్యెను. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు 1947లో వెలువరించిన ‘మాభూమి’ నాటకమునకు ఆయన జీవితమే ప్రేరణ.

ఉర్దూలో ‘బందగీ’ యనగా దైవారాధన. గొప్పవారికి చేయు వందనమునకును అదే మాట. ఆ పేరు పెట్టుకొన్నవాడు దొరకు తలవంచకపోవుట మాకు ఎప్పుడును ఆశ్చర్యము గొలుపును. దీనిని హిందూ ముస్లిము తగవుగా చెప్పజూచువారు ఒక సంగతి మరచుచున్నారు. ఆ దేశ్‌ముఖు అధికారము నిజాము ప్రభుత్వపు అండతో నిలిచినదే. ఏలికది తన మతమే యైనను బందగీకి ఒరిగినదేమియు లేదు.

ఇంతకంటె కఠినమైన పరీక్ష షోయబుల్లా ఖాన్‌ది. 1920లో నాటి వరంగల్లు జిల్లాలో జన్మించిన ఈయన 1947 నవంబరులో హైదరాబాదునుండి ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రికను నడుపసాగెను. రజాకార్ల దౌర్జన్యమును ఖండించెను. సంస్థానము భారతదేశములో కలియవలెనని వ్రాసెను. బెదిరింపులకు లొంగలేదు. 1948 ఆగస్టు 21వ తేది రాత్రి దుండగులు కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి. మరునాడు మరణించెను. బందగీ నెదిరించినది దొర. షోయబుల్లాను చంపినవారు మతము పేరు చెప్పుకొన్నవారు. తనవారి ముందే తనవారి తప్పును చెప్పుట వలన ఈయనదే పెద్ద సాహసమని మా యభిప్రాయము.

సాక్ష్యము ఒకవైపే చెప్పిన అది సాక్ష్యము కాదు. అదే సంవత్సరము సెప్టెంబరు పోలీసుచర్య తరువాత పెక్కు జిల్లాలలో నిరపరాధులైన ముస్లిములు హతులైరి. పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులు పర్యటించి మృతులు తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 వరకు ఉందురని అంచనా వేసిరి. ప్రాణాలకు తెగించి పొరుగు ముస్లిములను కాపాడిన హిందువులను గూర్చియు ఆ నివేదిక వ్రాసినది. అది చాలకాలము వెలుగు చూడలేదు.

మన దినచర్యలో కత్తులు, తుపాకులు లేవు. మహబూబాబాదులో మిర్చి బస్తాల తూకమున్నది; తూకములో మోసగించువారిని నిందించుచు మొదలగు 83వ అధ్యాయమునకు ‘ముతఫ్ఫిఫీన్’ అని పేరే యున్నది. భూపాలపల్లి గనిలోని కార్మికునికి షిఫ్టు వేళ నమాజు తప్పిన తరువాత ఖజా చేసికొను వెసులుబాటు కలదు. చేయని పనికి హాజరు వేయించుకొన్నచో ఖజా లేదు. నమాజు దేవుని హక్కు, జీతము ఇతరుల హక్కు. పరీక్ష గదిలో చీటీలను గూర్చి ఎక్కువ చెప్పము, చదువరులు మాకంటె ఎరుగుదురు.

ప్రతి తగవులోను ప్రతివాడును సాక్షిగా నిలువవలెనా యని కొందరడుగుదురు. ధర్మశాస్త్రవేత్తలు దీనిని ‘ఫర్జె కిఫాయా’ అనిరి. జనాజా నమాజు వలె కావలసినందరు నిర్వహించిన చాలును, మిగిలినవారిపై బాధ్యత తీరును. చూచినవారు వేరెవ్వరును లేనిచో అది చూచినవానిపైననే పడును. రెండవవాడు చెప్పునులే యని అందరును ఊరకున్నచో దోషము తెలిసిన వారందరిదియు నగును.