బండి చూపు దూరము: వాగ్దానమా, అంచనాయా?

పిల్లలు అమెరికాలో నున్న తెలుగు కుటుంబములలో చలికాలము రాగానే ఒక మాట వినబడుట కద్దు. మిషిగన్ నుండి కుమారుడు ఫోనులో, “నాన్నగారూ, వేసవిలో మా కారు నిండా ఛార్జి చేస్తే 53 మైళ్లు చూపించేది. ఇప్పుడు 35 చూపిస్తోంది. బ్యాటరీ పోయినట్టుంది, అమ్మేద్దామనుకుంటున్నాం” అనును. ఇచ్చట తండ్రి కలవరపడును. నిజముగా బ్యాటరీయే చెడినదా, లేక బండి వేయు లెక్క మాత్రమే మారినదా? ఇది తెలియక తొందరపడి అమ్ముకొన్నవారికి నష్టము తప్పదు. కనుక ఆ అంకె ఎట్లు పుట్టుచున్నదో వివరింపదలచితిమి.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అనగా కరెంటుతోను పెట్రోలుతోను నడువగల కారు. ఇంటి గోడకున్న ప్లగ్గునుండి నింపుకొను బ్యాటరీ యొకటి, పెట్రోలు ఇంజను ఒకటి దానియందుండును. సాధారణముగా మొదట బ్యాటరీతో నడచి, అది తరిగిన పిమ్మట పెట్రోలు సాయముతో సాగును. 2010 డిసెంబరులో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన షెవర్లే వోల్ట్ ఇట్టి బండ్లలో పేరు పొందినది. 2019లో దాని తయారీ నిలిచిపోయినది. మన విషయమును గ్రహించుటకు అది మంచి ఉదాహరణము.

మొదట బ్యాటరీ సంగతి చూతము. మన కరెంటు బిల్లులో యూనిట్ అని వ్రాయునది ఒక కిలోవాట్-గంట. 2016 నమూనా వోల్ట్ బ్యాటరీ పరిమాణము 18.4 యూనిట్లు. కాని బండి దానినంతటిని వాడనీయదు. సుమారు 14 యూనిట్లు మాత్రమే ప్రయాణమునకు విడుదల చేసి, పైన కొంత, అడుగున కొంత మిగిల్చి యుంచును. ఇది బ్యాటరీ ఆయువును కాపాడుటకు చేసిన ఏర్పాటు. కావున తెరపై విద్యుత్తు దూరము సున్నయని కనబడినను బ్యాటరీ పూర్తిగా అడుగంటినదని తలపరాదు.

ఇక దూరము సంగతి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ నమూనాకు 53 మైళ్లు, అనగా సుమారు 85 కిలోమీటర్లు, విద్యుత్తుపై నడచునని నిర్ణయించినది. ఇది ఒక నియమిత పద్ధతిలో చేసిన పరీక్ష ఫలితము. ఒక కారును మరియొక కారుతో పోల్చుటకు ఇది చాల ఉపకరించును. కాని రేపు ఉదయము మన వీధిలో, మన తొందరలో, మన చలిలో ఆ బండి ఎంత దూరము పోవునో ఆ పరీక్షకు తెలియదు. అది చెప్పుటకే బండిలో మరియొక అంచనా యున్నది.

ఈ అంచనా గాదెలోని ధాన్యపు లెక్క వంటిది. “ఈ వడ్లు ఎన్నాళ్లు వస్తాయి?” అని యజమాని అడిగినచో, ఇల్లాలు గాదెలో నున్నదెంతయో చూచి, గడచిన వారము దినమునకు ఎంత వాడినదో తలచుకొని జవాబు చెప్పును. ఆ వారము చుట్టములు వచ్చియున్నచో ఆమె చెప్పు దినములు తగ్గును. అంతమాత్రమున గాదెకు చిల్లి పడినదని ఎవరును అనరు. బండియు నిట్లే చేయును. మిగిలిన యూనిట్లెన్నియో చూచి, ఇటీవల మైలుకు ఎంత ఖర్చయినదో గమనించి, దూరమును ఊహించును. అందుచేతనే కొందరు ఈ సాధనమును పరిహాసముగా ‘గెస్సోమీటర్’ అందురు. ఊహలు చెప్పు మీటరని దాని భావము.

లెక్క వేసి చూతము. మంచి వాతావరణమున 100 కిలోమీటర్లకు 16.5 యూనిట్లు ఖర్చగుననుకొన్నచో, 14 యూనిట్లతో బండి సుమారు 85 కిలోమీటర్లు పోవును. చలిలో అదే ఖర్చు 25 యూనిట్లకు పెరిగినదనుకొందము. అప్పుడు అదే 14 యూనిట్లతో 56 కిలోమీటర్లే, అనగా 35 మైళ్లే, వచ్చును. బ్యాటరీలో ఒక్క యూనిట్ తరుగలేదు. ఖర్చు పెరిగినది, అంకె తగ్గినది.

ఖర్చు ఏల పెరుగును? పెట్రోలు ఇంజను వృథాగా విడుచు వేడి లోపలివారికి వెచ్చదనము నిచ్చును. విద్యుత్తుతో నడచునప్పుడు ఆ వేడిని కూడ బ్యాటరీనుండియే పుట్టింపవలెను. హీటరు గంటకు 3 యూనిట్లు తీసికొన్నదనుకొన్నచో, 14 యూనిట్లలో అయిదవ వంతు దానికే పోవును. 2019లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్, కేవలము బ్యాటరీతో నడచు అయిదు రకముల కార్లను పరీక్షించెను. సున్నకు దిగువ 7 సెంటీగ్రేడ్ డిగ్రీల చలిలో హీటరు వేసి నడుపగా, సగటున నూటికి 41 వంతుల దూరము తగ్గినది. 35 డిగ్రీల ఎండలో ఏసీ వేసి నడుపగా 17 వంతులు తగ్గినది. వేగము కూడ ఖర్చును పెంచును. గంటకు 70 కిలోమీటర్లనుండి 100కు పెంచినచో గాలి అడ్డగింపు బలము ఇంచుమించు రెట్టింపగును. ఎత్తైన దారులు, గాలి తగ్గిన టైర్లు కూడ తమ వంతు ఖర్చు చేయించును.

మరి బ్యాటరీ నిజముగా తరిగినదో లేదో తెలిసికొను మార్గమేది? దూరమును గాక యూనిట్లను చూడవలెను. నిండుగా ఛార్జి చేసి, విద్యుత్తు దూరము సున్నకు వచ్చువరకు ఒకే దినమున నడిపి, ఎన్ని యూనిట్లు ఖర్చయినవో వ్రాసికొనవలెను. వోల్ట్ తెరపై ఆ లెక్క కనబడును. ఇట్టి అంకెను గత సంవత్సరము ఇదే ఋతువులో వ్రాసికొన్నదానితో పోల్చవలెను. వేసవితో చలికాలమును పోల్చరాదు, ఏలనన మిక్కిలి చలిలో బ్యాటరీ కూడ కొంత తక్కువ ఇచ్చును. యూనిట్లు దాదాపు సమానముగా నున్నచో బ్యాటరీ క్షేమమే. ఏటేట తగ్గుచు వచ్చినచో అప్పుడు మెకానిక్కును సంప్రదింపవలెను.

మరియొక హెచ్చరిక. గడ్డకట్టు చలిలో, బ్యాటరీ నిండియున్నను, వోల్ట్ ఇంజను వేడికొరకు తనంతట తానే పని చేయవచ్చును. అది చెడిపోయిన గుర్తు కాదు.

అంకె తగ్గినదని విసుగుచెంది ఛార్జి చేయుటయే మానినచో కలుగు నష్టము పెద్దది. యూరోపియన్ కమిషన్ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, అచ్చటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు రోడ్డుపై విడుచు బొగ్గుపులుసు వాయువు, పరీక్షలలో తేలినదానికి సగటున మూడున్నర రెట్లున్నది. అనుకొన్నంత తరచుగా వానిని ఛార్జి చేసి విద్యుత్తుపై నడుపకుండుటయే ఇందుకు ముఖ్య కారణమని ఆ నివేదిక తెలిపినది. పరీక్షలో వచ్చిన అంకె ఎంత గొప్పదైనను, ప్లగ్గు పెట్టనివారికి పెట్రోలు ఆదా కాదు.

కావున ఫోనులో అడిగిన కుమారునికి తండ్రి ఇట్లు చెప్పవచ్చును: “తొందరపడకు నాయనా. ముందు యూనిట్లు చూడు. ప్లగ్గు తీయకముందే కారును వెచ్చచేసుకో. సీటు హీటరుంటే అది వాడు. టైర్లలో గాలి చూడు. వేగం కొంచెం తగ్గించు. వసంతం వచ్చాక మళ్లీ లెక్క వేసి, అప్పుడు ఆలోచించుకో.” గాదెను చూడక, చుట్టములు వచ్చిన వారపు లెక్కను బట్టి ఇల్లు అమ్ముకొనువారు లేరు గదా!