ఖాతా నంబర్ చివర సున్నా ఎలా వచ్చింది? ఎక్సెల్ జాబితా పంపే ముందు కాలమ్‌లలో చూసుకోవాల్సినవి

డ్వాక్రా సంఘం సభ్యుల వివరాలు, స్కాలర్‌షిప్ విద్యార్థుల జాబితా, పంట నష్టం నమోదు.. ఇప్పుడు ఇవన్నీ ఎక్సెల్ షీట్ రూపంలోనే పై ఆఫీసుకు వెళ్తున్నాయి. కాలమ్‌లో చిన్న తప్పు దొర్లితే కంప్యూటర్ ఆపి చెప్పదు. డబ్బు పడని మనిషి పాస్‌బుక్ పట్టుకుని ఆఫీసు మెట్లెక్కినప్పుడే అది బయటపడుతుంది.

పేరు సరిగ్గానే ఉంది కదా, బ్యాంకు వాళ్లే చూసుకుంటారని అనుకోవద్దు. నెఫ్ట్ వంటి ఎలక్ట్రానిక్ చెల్లింపుల్లో ఖాతా నంబర్ ఒక్కటే ఆధారమని, పేరుతో పోల్చిచూడరని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పింది. డబ్బు పంపేవారు ఖాతాదారు పేరు ముందే చూసుకునే వీలు 2025 ఏప్రిల్ నుంచి వచ్చింది. అయినా వందల పేర్లున్న జాబితాలో మీరు ఇచ్చిన నంబరే కీలకం.

ఆధార్ నంబర్ పాడైందా?

ఆధార్ కాలమ్‌లో 12 అంకెలు కొడితే 2.34568, పక్కన ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరం, ప్లస్ 11 అని కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు. లోపల నంబర్ భద్రంగానే ఉంది. ఆ కాలమ్‌ను నంబర్ ఫార్మాట్‌లోకి మార్చి, దశాంశ స్థానాలు సున్నా చేస్తే మొత్తం కనిపిస్తుంది. సెల్ నిండా హ్యాష్ గుర్తులు వస్తే అది ఇంకా చిన్న విషయం. కాలమ్ వెడల్పు చాలలేదంతే. పైన రెండు కాలమ్ అక్షరాల మధ్య ఉన్న గీతపై డబుల్ క్లిక్ చేయండి.

అసలు చిక్కు బ్యాంకు ఖాతా నంబర్‌తో. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా మొదటి 15 అంకెలనే గుర్తుంచుకుంటుంది. 16వ అంకె నుంచి అన్నీ సున్నాలే. 1234567890123456 అని కొట్టి ఎంటర్ నొక్కితే, లోపల మిగిలేది 1234567890123450. ఫార్మాట్ ఎంత మార్చినా ఆ 6 తిరిగి రాదు. 16 అంకెల ఖాతాలున్న బ్యాంకులు మన దగ్గర ఉన్నాయి. ఇక ఖాతా నంబర్ సున్నాతో మొదలైతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఆధార్ నంబర్ సున్నాతో గానీ ఒకటితో గానీ మొదలు కాదు కాబట్టి దానికి ఈ బెడద లేదు.

దీనికి మందు ఒక్కటే: ఒక్క అంకె కూడా కొట్టకముందే ఆ కాలమ్ మొత్తాన్ని సెలెక్ట్ చేసి, ఫార్మాట్‌ను ‘టెక్స్ట్’గా మార్చాలి. నంబర్లు కొట్టాక మారిస్తే పోయిన అంకెలు రావు. ఒకటి రెండు సెల్స్ అయితే నంబర్ ముందు సింగిల్ కోట్ గుర్తు పెట్టినా చాలు. తర్వాత సెల్ మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం వస్తుంది. దానిపై నొక్కితే ‘కన్వర్ట్ టు నంబర్’ అని ఎక్సెల్ సలహా ఇస్తుంది. ఖాతా నంబర్ల కాలమ్‌లో ఆ సలహా పాటించారో, మళ్లీ మొదటికి వస్తుంది.

పోర్టల్ నుంచి దించుకున్న సీఎస్‌వీ ఫైళ్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. డబుల్ క్లిక్‌తో తెరిస్తే ఈ మార్పులన్నీ మీకు తెలియకుండానే జరుగుతాయి. సేవ్ చేస్తే అవే ఖాయమవుతాయి. ఖాళీ షీట్ తెరిచి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెచ్చుకుని, ఖాతా కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోండి. తెలుగు పేర్లు పిచ్చి అక్షరాలుగా కనిపిస్తే అక్కడే ‘యూటీఎఫ్-8’ ఎంచుకుంటే సరిపోతుంది.

డోర్ నంబర్ 4-12.. డిసెంబర్ 4 అయింది!

మన ఊళ్లలో ఇంటి నంబర్లు 4-12, 3-7 అని ఉంటాయి. సర్వే నంబర్లేమో 12/3 అని. ఎక్సెల్‌కు ఇవన్నీ తేదీలే. 2025లో 4-12 అని కొడితే దాన్ని డిసెంబర్ 4గా మార్చి, లోపల 45995 అనే సంఖ్యగా దాచుకుంది. 1900 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెట్టడం దాని పద్ధతి. తర్వాత టెక్స్ట్‌గా మారిస్తే కనిపించేది ఆ 45995, మీ డోర్ నంబర్ కాదు. ఈ బాధ మనదొక్కరిదే కాదు. ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు కొన్ని మానవ జన్యువుల పేర్లనే మార్చుకున్నారు! మనం ఇంటి నంబర్లు మార్చుకోలేం కాబట్టి, ఈ కాలమ్‌లనూ ముందే టెక్స్ట్ చేయాలి.

ఐఎఫ్ఎస్‌సీ కిందికి లాగితే?

సభ్యులందరిదీ ఒకే బ్రాంచి కదా అని మొదటి సెల్ మూల పట్టుకుని కిందికి లాగుతారు. ఎక్సెల్ దాన్ని వరుస సంఖ్య అనుకుని, కోడ్ చివరి అంకెను ఒక్కో వరుసకు ఒకటి చొప్పున పెంచుకుంటూ పోతుంది. ఇరవై మందికి ఇరవై కోడ్‌లు. లాగాక వచ్చే చిన్న మెనూలో ‘కాపీ సెల్స్’ ఎంచుకోండి. లేదా మొదటి సెల్‌తో పాటు కింది సెల్స్ సెలెక్ట్ చేసి, కంట్రోల్‌తో కలిపి ‘డీ’ నొక్కండి. ఐఎఫ్ఎస్‌సీలో మొత్తం 11 స్థానాలు, ఐదోది ఎప్పుడూ సున్నానే. అక్కడ ‘ఓ’ అక్షరం కొట్టడం చాలామంది చేసే తప్పు.

అన్నిటికంటే ప్రమాదం సార్టింగ్‌తో

పైన చెప్పినవి ఒక్కో సెల్‌ను పాడుచేస్తాయి. సార్టింగ్ మొత్తం జాబితానే తారుమారు చేస్తుంది. పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి అక్షర క్రమంలో పెట్టమంటే, ‘ఎక్స్‌పాండ్ ద సెలెక్షన్’ అని ఎక్సెల్ అడుగుతుంది. అదే ఎంచుకోవాలి. తొందరలో రెండోది నొక్కితే పేర్లు కదులుతాయి, ఖాతా నంబర్లు ఉన్నచోటే ఉంటాయి. లక్ష్మి డబ్బు సరోజ ఖాతాలో పడుతుంది. నంబర్లన్నీ నిజమైనవే కాబట్టి ఎక్కడా ఎర్రర్ రాదు.

మధ్యలో అందం కోసం ఖాళీ కాలమ్ వదిలినా ఇదే ముప్పు. ఖాళీ దగ్గరే టేబుల్ అయిపోయిందని ఎక్సెల్ అనుకుంటుంది. ఖాళీ కాలమ్‌లు తీసేయండి. మొదటి కాలమ్‌లో వరుస సంఖ్యలు తప్పక వేయండి. షీట్ అంతా కలిసి కదిలినంత వరకు, ఆ సంఖ్యల ప్రకారం మళ్లీ సార్ట్ చేసి పాత క్రమానికి రావచ్చు. పేర్లు విడిగా కదిలాయని అప్పటికప్పుడే గుర్తిస్తే కంట్రోల్‌తో ‘జెడ్’ నొక్కండి. సేవ్ చేసి మూసేశాక ఆ దారి ఉండదు. అందుకే సార్ట్ చేసే ముందు ఫైల్‌కు ఒక కాపీ తీసి పెట్టుకోండి.

ఒకే నంబర్ రెండుసార్లు వచ్చిందా?

దీనికి ‘కౌంట్‌ఇఫ్’ వాడేవారికి ఒక హెచ్చరిక. టెక్స్ట్‌గా పెట్టిన 16 అంకెల నంబర్లను కూడా అది 15 అంకెల వరకే పోలుస్తుంది. చివరి అంకె వేరైనా రెండూ ఒకటే అంటుంది. కాబట్టి కౌంట్‌ఇఫ్ చెప్పిందని ఎవరి పేరూ కొట్టేయకండి. పాస్‌బుక్ చూసి తేల్చండి. ఆధార్‌లో అంకెలు తగ్గాయేమో చూడటానికి ‘లెన్’ ఫార్ములా చాలు. పక్క కాలమ్‌లో 12 కాకుండా వేరే అంకె కనిపించిన వరుసల్ని సరిచూసుకోండి.

వర్డ్‌లో పేజీ దాటిపోతే

సంతకాల కోసం టేబుల్‌ను వర్డ్‌లో అతికిస్తే చివరి కాలమ్‌లు పేజీ బయటికి పోతుంటాయి. టేబుల్‌పై క్లిక్ చేసి, లేఅవుట్‌లో ‘ఆటోఫిట్ విండో’ ఎంచుకుంటే పేజీలో సర్దుకుంటుంది. ‘రిపీట్ హెడర్ రోస్’ పెడితే ప్రతి పేజీలో కాలమ్ పేర్లు వస్తాయి. సభ్యులతో సంతకం పెట్టించేటప్పుడు వాళ్ల ఖాతా నంబర్‌ను ఒకసారి పైకి చదివి వినిపించండి.